ఫాంటసీ బేస్‌బాల్ లీగ్‌లో మేనేజర్లు చేతులెత్తేస్తే: నిబంధనల మార్పుకు సంబంధించిన సమస్యలు - పరిష్కారాలు

మన దగ్గర ఫాంటసీ క్రికెట్ అంటే చాలామందికి ఒక మ్యాచ్‌కు జట్టును ఎంచుకొని ఆ రాత్రికే ఫలితం చూసుకోవడం. 1980లో న్యూయార్క్‌లో డేనియల్ ఓక్రెంట్, ఆయన మిత్రులు మొదలుపెట్టిన రోటిస్సెరీ బేస్‌బాల్ సంప్రదాయం అలాంటిది కాదు. అక్కడ ఒక్కో మేజర్ లీగ్ జట్టు 162 మ్యాచ్‌లు ఆడే సీజన్ పొడవునా, మార్చి చివరి నుంచి సెప్టెంబర్ చివరి దాకా, మేనేజర్ తన జట్టును కనిపెట్టుకొని ఉండాలి. కాబట్టి లీగ్‌ను నడిపే కమిషనర్‌కు అసలు పరీక్ష మేనేజర్లు ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ రోజున కాక ఆగస్టులో ఎదురవుతుంది.

జూలైలో వచ్చే ఆల్‌స్టార్ విరామం తర్వాత లైనప్‌లు మారడం లేదు

లక్షణం: గాయపడి ఇంజూర్డ్ లిస్ట్‌కు వెళ్లిన ఆటగాడు మూడు వారాలు గడిచినా లైనప్‌లోనే ఉంటాడు. ఆ జట్టుతో తలపడే వారం ఎవరికి వస్తే వారికి గెలుపు అప్పనంగా దక్కుతుంది, మిగిలినవారు గొణుక్కుంటారు.

కారణం: దీన్ని బద్ధకంగా భావించి జరిమానాలు విధించే కమిషనర్లు ఉన్నారు. ఓడిపోతున్నవారికి అది గోరుచుట్టుపై రోకటిపోటు అవుతుందే తప్ప ఆసక్తిని తిరిగి తేదు. 12 జట్లలో నాలుగింటికే ప్లేఆఫ్స్ అవకాశం ఉన్నప్పుడు తొమ్మిదో స్థానంలోని మేనేజర్ ఆటలో అరటిపండు. గెలిచినా అతనికి ఒరిగేది లేదు, ఓడినా పోయేది లేదు. పైగా ఆగస్టు చివరికి ఫాంటసీ అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌లు మొదలై మిగిలిన కాస్త శ్రద్ధనూ లాక్కుపోతాయి. వీటన్నిటికన్నా చేటు చేసేది, చివరి స్థానంలో నిలిచిన జట్టుకే మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక ఇచ్చే నిబంధన. పైకి దయగా కనిపించే ఆ నిబంధన ఓటమికి బహుమతి ప్రకటించినట్లే.

పరిష్కారం: వారం వారం రెండేసి జట్లు తలపడే హెడ్ టు హెడ్ లీగ్ అయితే ప్లేఆఫ్స్‌కు ఆరు జట్లను అనుమతించి, మిగిలిన ఆరింటి మధ్య సెప్టెంబర్‌లో విడిగా పోటీ నిర్వహించి, అందులో గెలిచిన జట్టుకు వచ్చే ఏడాది మొదటి ఎంపిక ఇవ్వాలి. వేలం పద్ధతిలో ఆటగాళ్లను తీసుకునే లీగ్‌లో, అందరికీ ఉండే 260 డాలర్ల ఊహా బడ్జెట్‌కు ఆ విజేతకు మరో 10 డాలర్లు కలపవచ్చు. రోటిస్సెరీ పద్ధతిలో, అంటే ఒక్కో గణాంక విభాగంలో జట్లకు వచ్చిన స్థానాలను కలిపి సీజన్ మొత్తానికి వరుస తేల్చే పద్ధతిలో, సాధారణంగా ప్లేఆఫ్స్ ఉండవు కనుక, పై నాలుగు స్థానాలను పక్కన పెట్టి, ఐదో స్థానానికి మొదటి ఎంపిక, ఆరో స్థానానికి రెండో ఎంపిక అన్న వరుస పెడితే, పదో స్థానం నుంచి తొమ్మిదికి ఎక్కడం కూడా పనికొచ్చే విషయమవుతుంది.

నిబంధన మారగానే పాత సభ్యులు అలుగుతున్నారు

కారణం చాలాసార్లు నిబంధనలో ఉండదు, దాన్ని తెచ్చిన సమయంలో ఉంటుంది. సేవ్‌ల (ఆధిక్యాన్ని కాపాడి ఆటను ముగించిన పిచర్‌కు దక్కేవి) విభాగాన్ని సేవ్‌లు, హోల్డ్‌లు (ఆధిక్యాన్ని నిలబెట్టి తర్వాతి పిచర్‌కు అప్పగించినవారికి దక్కేవి) కలిపిన విభాగంగా మార్చడం మంచి ఆలోచనే కావచ్చు. కానీ కొందరు ఆటగాళ్లను మరుసటి ఏడాదికీ ఉంచుకోనిచ్చే కీపర్ లీగ్‌లో, సేవ్‌లు సాధించే ఇద్దరు క్లోజర్లను ఏళ్లుగా అట్టిపెట్టుకున్న మేనేజర్‌కు ఆ ఒక్క తీర్మానంతో ఆస్తి సగం కరిగిపోయినట్లు ఉంటుంది. సీజన్ మధ్యలో ఏ నిబంధననూ మార్చకూడదు. సీజన్ల మధ్య విరామంలో ఓటింగ్ పెట్టి, మూడింట రెండు వంతుల మద్దతు ఉన్నదాన్నే ఆమోదించాలి. కీపర్ల విలువను తాకే మార్పును ఒక సీజన్ ఆగి అమలు చేయాలి. మేజర్ లీగ్ బేస్‌బాల్ కూడా పిచర్ బంతి విసరడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్‌ను ముందు మైనర్ లీగ్‌లలో పరీక్షించి, 2022 సెప్టెంబర్‌లో ఆమోదించి, 2023 సీజన్ నుంచి అమలులోకి తెచ్చింది. షోహెయ్ ఓతానీని బ్యాటర్‌గా, పిచర్‌గా ఇద్దరిగా లెక్కించాలా, ఒక్కరిగానా అన్న ప్రశ్న కూడా డ్రాఫ్ట్‌కు ముందే తేలిపోవాలి.

బేస్ దొంగతనాలకు విలువ పోయిందన్న ఫిర్యాదు

బేస్ దొంగతనం అంటే బ్యాటర్ బంతిని కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరడం. ఈ ఫిర్యాదుకు కారణం లీగ్ చేసిన మార్పు కాదు, అసలు ఆటలో వచ్చిన మార్పు. 2023లో బేస్‌ల వెడల్పు 15 అంగుళాల నుంచి 18 అంగుళాలకు పెరిగింది, పిచర్ రన్నర్‌ను కట్టడి చేయడానికి విసిరే త్రోలపై పరిమితి వచ్చింది. దాంతో దొంగిలించిన బేస్‌ల సంఖ్య 2022లోని 2,486 నుంచి 3,503కు చేరింది. రొనాల్డ్ అకూన్యా జూనియర్ ఒక్కడే 73 దొంగిలించాడు. పాత అంచనాలతో డ్రాఫ్ట్‌కు వచ్చినవారు దెబ్బతిని, ఆ విభాగాన్నే తీసివేయాలని కోరడం సహజం. అయితే రోటిస్సెరీలో లెక్కించేది జట్ల మధ్య వరుస క్రమాన్ని కనుక, అందరి అంకెలూ పెరిగినంత మాత్రాన ఆ విభాగం చెడిపోదు. అక్కడ కోరికను మర్యాదగా తిరస్కరించి, మేనేజర్లందరికీ కొత్త అంకెలను డ్రాఫ్ట్‌కు ముందే పంపిణీ చేస్తే చాలు. పాయింట్ల లీగ్‌లో పరిస్థితి వేరు: ప్రతి దొంగతనానికీ నిర్ణీత పాయింట్లు ఉంటాయి కాబట్టి వేగంగా పరుగెత్తే ఆటగాడి విలువ హోమ్ రన్ల వీరుడితో పోలిస్తే నిజంగానే పెరుగుతుంది. అక్కడ ఒక పూర్తి సీజన్ అంకెలు చేతికి వచ్చాక, చలికాలంలో ఆ పాయింట్లను పునఃపరిశీలించడం న్యాయం.

మంచి ఆటగాళ్లందరినీ ఇద్దరే ఎగరేసుకుపోతున్నారు

ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతిలో ఫ్రీ ఏజెంట్లు (లీగ్‌లో ఏ జట్టులోనూ లేని ఆటగాళ్లు) దొరుకుతుంటే, పనివేళల్లోనూ ఫోన్ చూడగలిగినవారే గెలుస్తారు. లీగ్‌లో ఒకరు హైదరాబాద్‌కు తిరిగి వచ్చేశారనుకుందాం. న్యూయార్క్‌లో రాత్రి ఏడు గంటలకు మొదలయ్యే ఆట అతనికి తెల్లవారుజామున నాలుగున్నరకు వస్తుంది. సీజన్‌కు 100 డాలర్ల ఊహా బడ్జెట్ ఇచ్చి, వారానికి ఒకటి రెండుసార్లు గుప్త వేలం ద్వారా ఆటగాళ్లను కేటాయిస్తే నిద్ర మానుకోవలసిన అవసరం ఎవరికీ ఉండదు. లైనప్‌ను రోజూ కాక వారానికోసారి మార్చే పద్ధతి కూడా ఇలాంటివారికి అనుకూలం, కాకపోతే రోజువారీ సవరణల్లో ఆనందం పొందేవారు దాన్ని ఇష్టపడరు.

ట్రేడ్‌లు ఆగిపోయాయి

ప్రత్యర్థుల ఓటుతో ట్రేడ్‌ను, అంటే జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడిని, రద్దు చేసే పద్ధతి ఉంటే ఆ ఓటు చాలావరకు అసూయతోనే పడుతుంది. ఓటింగ్‌ను తీసివేసి, కుమ్మక్కు స్పష్టంగా కనిపించినప్పుడు మాత్రమే కమిషనర్ జోక్యం చేసుకోవాలి. కమిషనర్ జట్టే ఆ ట్రేడ్‌లో ఉంటే తీర్పు చెప్పే బాధ్యతను ముందుగా ఎంచుకున్న మరో మేనేజర్‌కు అప్పగించాలి.

ఇవన్నీ చేశాక కూడా ఒక మేనేజర్ రెండు వారాలు వరుసగా స్పందించకపోతే, నలుగురిలో నిలదీయకుండా నేరుగా ఫోన్ చేసి మాట్లాడి, మిగిలిన సీజన్‌కు సహ మేనేజర్‌ను పెట్టుకోమని సూచించండి. ఆ సహ మేనేజర్‌ను వచ్చే ఏడాది ఖాళీ అయ్యే జట్టుకు మొదట పరిగణిస్తామని నిబంధనల్లో రాసిపెడితే అలాంటివారు దొరకడం కష్టం కాదు.