పాలమూరు పల్లితో గానుగ నూనె యూనిట్ పెట్టాలంటే

పల్లి పండే చోటే నూనె తీస్తామని ముందుకొస్తున్న మన పిల్లలను చూస్తే నిజంగా సంతోషం. గానుగ కొనే ముందు సరుకు సంగతి చూసుకోండి.

యాసంగి కోతలప్పుడే కొనాలి. కాయను చెవి దగ్గర ఊపితే గలగలమనాలి. గింజలో తేమ 8 శాతం దాటితే వద్దు. బూజు పట్టినవి, రంగు మారినవి, ముడుచుకుపోయినవి చేత్తో ఏరాల్సిందే. బూజుతో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం గుడ్డ వడపోతతో పోదు, నూనె తీశాక మిగిలే పల్లి చెక్క తిన్న బర్రె పాలలోకీ చేరుతుంది. ఇక్కడ కూలికి వెనకాడొద్దు.

100 కిలోల గింజకు సుమారు 40 కిలోల నూనె వస్తుంది. చెక్క అమ్మకం కూడా కలిపి ధర కట్టండి. నూనెను రెండు మూడు రోజులు స్టీలు డ్రమ్ములో తేరనిచ్చి, వడగట్టి, పూర్తిగా ఆరిన సీసాల్లో నింపాలి. తడి తగిలితే ముక్కిపోతుంది.

ఉద్యం (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఉచితం, ఏజెంట్లకు పైసా ఇవ్వొద్దు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు వచ్చాకే లేబుళ్లు అచ్చు వేయించండి.