వానలు మొదలవకముందే: చూపులేని రిపేరు పనివాళ్లకు జాగ్రత్తలు

మృగశిర కార్తె దగ్గర పడేసరికి పిలుపులు ఎక్కువవుతాయి. ఫ్యాను తిరగట్లేదంటారు, బోరు మోటారు ఎత్తట్లేదంటారు, కారు వైపర్లు మార్చమంటారు. చూపు లేకుండా ఇవన్నీ చేయొచ్చు, చేస్తున్నవాళ్లూ ఉన్నారు. మన ఇంట్లో అయితే ఏ స్విచ్ ఎక్కడుందో చేతికి తెలుసు. ఎదుటివాళ్లింట్లో తెలియదు, పైగా అక్కడ వేరేవాళ్ల చేతులు కూడా తిరుగుతుంటాయి. అసలు భయం ఆ చేతులతోనే. మీరు ఫ్యాను విప్పుతుంటే "కరెంటు పోయిందేంటి" అనుకుంటూ ఇంట్లో ఎవరో వెళ్లి మెయిన్ ఎత్తేస్తారు. అందుకే పని మొదలుపెట్టకముందే ఇంట్లోవాళ్లందర్నీ పిలిచి, నేను చెప్పేదాకా బోర్డు ముట్టుకోవద్దు, నా సామాను జరపొద్దు అని గట్టిగా చెప్పండి. దించిన ఎం.సి.బి. (బోర్డులోని ట్రిప్ స్విచ్) మీద ఇన్సులేషన్ టేపు అంటించండి. పాత పింగాణీ ఫ్యూజులైతే మెయిన్ స్విచ్ దించాక ఫ్యూజు తీగ ఉండే గ్రిప్ ఊడదీసి జేబులో వేసుకోండి. ఇంతకంటే మంచి తాళం లేదు.

గోడ మీది స్విచ్ ఒక్కటే ఆపి చెయ్యి పెట్టకండి. కొన్ని ఇళ్లలో స్విచ్‌ని ఫేజులో (కరెంటు తెచ్చే తీగలో) కాకుండా న్యూట్రల్‌లో (కరెంటు తిరిగి పోయే తీగలో) వేసి ఉంటారు. అక్కడ స్విచ్ ఆపితే ఫ్యాను ఆగుతుంది గానీ ఫేజు ఫ్యాను దాకా వస్తూనే ఉంటుంది. ఎం.సి.బి. మామూలుగా పైకి ఆన్, కిందికి ఆఫ్. అడ్డంగా బిగించిన బోర్డుల్లో మాత్రం ఇది నమ్మలేం, దాని మీద ఏం రాసుందో ఇంటివాళ్లతో చదివించుకోండి.

ఇన్వర్టర్ సంగతి మరీ ముఖ్యం. మెయిన్ దించగానే అది అందుకుని ఫ్యాన్లకీ లైట్లకీ కరెంటు ఇస్తుంది. పోనీ దాని ముందున్న బటన్ మాత్రమే ఆపితే, మెయిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ కరెంటు దాని గుండా నేరుగా పోతూనే ఉంటుంది. రెండూ ఆపాల్సిందే.

లోపల బల్బు వెలిగే టెస్టర్ మనకు పనికిరాదు. తీగకు తాకించకుండానే కూసే టెస్టర్ దొరుకుతుంది, అది కొనుక్కోండి. కరెంటు ఆపకముందు పని చేయబోయే చోట పెట్టి కూత వినండి. ఆపాక అదే చోట మళ్లీ పెట్టండి. నిశ్శబ్దంగా ఉంటే వెంటనే నమ్మొద్దు. కరెంటు ఉన్న ఇంకో ప్లగ్గు దగ్గరో, మెయిన్ మొత్తం దించి ఉంటే మీటరు వైపు వైరు దగ్గరో పెట్టి ఇంకా కూస్తోందో లేదో చూసుకోండి. సరిగ్గా ఆ మధ్యలోనే సెల్లు అయిపోయి ఉండొచ్చు. ఇనప పైపులోంచి పోయే వైరు దగ్గర ఈ టెస్టర్ కూయదు. కాబట్టి చివరిమాట, కొలతను పైకి చదివి వినిపించే మల్టీమీటర్‌దే. ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడు జతలూ కొలవండి. చేతి వెనకభాగంతో తాకి చూడటం పాతవాళ్ల అలవాటు. అది టెస్టు కాదు.

వైరు రంగుల్ని బట్టి పోకండి. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్ అని నియమం ఉంది గానీ, ఇంట్లో మిగిలిన ముక్కతో లాగేసినవాళ్లు తక్కువేం కాదు. విప్పకముందే టేపు చుట్టండి: ఫేజుకి ఒక చుట్టు, న్యూట్రల్‌కి రెండు. వీడియో కాల్‌లో అవతలి మనిషిని రంగు అడగొచ్చు, ఏ తీగలో కరెంటు ఉందో మాత్రం అడక్కండి.

సీలింగు ఫ్యాను కండెన్సర్ (ఛార్జి దాచుకునే కెపాసిటర్) సాధారణంగా 2.5 మైక్రోఫారడ్‌ది. బోరు స్టార్టర్ డబ్బాలోవి చాలా పెద్దవి, మెయిన్ దించినా ఛార్జి పట్టి ఉంచుకుంటాయి. హోల్డర్‌లో పెట్టిన 100 వాట్ల ఫిలమెంటు బల్బు రెండు వైర్లనూ కొసలు ముట్టుకోకుండా ఇన్సులేషన్ ఉన్నచోట పట్టుకుని, ఆ కొసలను కండెన్సర్ టెర్మినళ్లకు కొన్ని సెకన్లు ఆనించండి. తర్వాత మీటరుతో సున్నా వచ్చిందని వినండి.

స్టార్టర్ డబ్బాలోకి తటాలున చెయ్యి పెట్టకండి. తొలకరికి తేళ్లు, బల్లులు, ఒక్కోసారి పాములు కూడా పొడి చోటు వెతుక్కుని అందులో చేరతాయి. కర్రతో డబ్బాను నాలుగుసార్లు కొట్టి, తలుపు తీసి, కాస్త ఆగండి. మందం తోలు గ్లౌజులు వేసుకోండి. లోపల కందిరీగల మోత వినిపిస్తే ఆ పని వాయిదా వేయండి.

నిచ్చెన వాలు సరిగ్గా ఉందో లేదో చేతులతోనే తేలుతుంది. కాలివేళ్లు నిచ్చెన కాళ్లకు ఆనించి నిలబడి చేతులు ముందుకు చాపితే, భుజం ఎత్తులో ఉన్న మెట్టు అరచేతులకు అందాలి. అల్యూమినియం నిచ్చెన కరెంటు పనికి వద్దు. మేడెక్కేముందు పిట్టగోడ ఎంత ఎత్తుందో, కరెంటు తీగలు ఏ పక్క నుంచి పోతున్నాయో ఇంటివాళ్లను అడగండి. సిమెంటు రేకుల మీదికి ఎక్కే పని ఒప్పుకోవద్దు. కింద దూలం లేని చోట కాలు పడితే రేకు విరిగి మనిషి కింద పడతాడు, చూపున్నవాళ్లకీ అంతే. సంపులోకి, సెప్టిక్ ట్యాంకులోకి దిగడం అసలే వద్దు.

ఇక కార్లు. వైపర్ బ్లేడు ఊడదీయగానే దాన్ని పట్టుకునే ఖాళీ కాడ స్ప్రింగుకు ఎగిరి అద్దాన్ని పగలగొట్టొచ్చు. అద్దం మీద మడతపెట్టిన టవలు వేసుకోండి. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. రెండు పోస్టుల్లో ప్లస్‌ది కాస్త లావు, వేళ్లతో పట్టి చూస్తే తెలుస్తుంది. పక్కన ఉబ్బెత్తుగా గుర్తు ఉందేమో అదీ తడమండి. ఉంగరం, కడియం తీసేయండి. కళ్లద్దాలు మనకెందుకు అనుకోవద్దు. యాసిడ్ చిమ్మితే చూపున్న కన్నూ లేని కన్నూ ఒకేలా మండుతాయి.

చక్రం నట్లు కారు నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేయండి. తడి మట్టిలో జాకీ కింద చెక్క పలక వేయండి. జాకీ పెట్టే చోటు చాలా కార్లలో తలుపుకి కాదు, తలుపు కింద ఉండే బాడీ అంచులో రెండు గాట్ల మధ్య ఉంటుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి, స్టాండు పెట్టండి. బిగించడానికి, సరిపడా బిగువు రాగానే క్లిక్ మనే టార్క్ పానా మనకోసమే చేసినట్టుంటుంది. ఎంత బిగించాలో కారు పుస్తకంలో చదివించుకోండి. వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తిప్పకండి. గుడ్డతో పైపు నొక్కి చూడండి, గట్టిగా ఉంటే లోపల ఒత్తిడి ఉన్నట్టే. ఇంజన్ ఆపినా రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరగొచ్చు కాబట్టి, చెయ్యి పెట్టేముందు బ్యాటరీ మైనస్ తీసేసి, తాళంచెవి మీ జేబులో ఉంచుకోండి.