డైలాగు వెనక్కి వినపడటం లేదా? మైకువాణ్ణి తిట్టేముందు ఇది చూడండి

సమస్య: రిహార్సల్లో అందరూ బాగుందన్నారు. నాటిక ఆడాక మాత్రం వెనక కూర్చున్న చుట్టాలు "ఏం చెప్పావో తెలీలేదురా" అంటున్నారు.

ముందు చేయాల్సిన పని, ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చేయని పని ఒకటుంది. ఫోనులో రికార్డింగు పెట్టి ఆఖరి వరస కుర్చీలో వదిలేయండి. స్టేజెక్కి మీ సీను మొత్తం చెప్పి, దిగొచ్చి వినండి. అసలేమీ వినపడకపోతే గొంతు చాలట్లేదు, సాధన చేయండి. మొదలు వినపడి చివర పోతోందా? దొంగ దొరికాడు.

తెలుగు వాక్యానికి ప్రాణం తోకలో ఉంటుంది. క్రియ అక్కడే, కాదు, లేదు అక్కడే. కొత్తవాళ్లు వాక్యాన్ని ఘనంగా ఎత్తుకుంటారు, సగంలోనే ఊపిరి అయిపోతుంది, చివరి మాట మింగేస్తారు.

ఒక పరిషత్తులో, అంటే నాటికల పోటీల్లో, నాది తమ్ముడి వేషం. "అన్నయ్యా, ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలేదు" అనాలి. "పెట్ట" దాకా వెళ్లింది, "లేదు" గడ్డం కిందే ఆగిపోయింది. హాలంతా "పెట్టా" అని విన్నది. అన్న పాత్రధారి నన్ను వాటేసుకుని ఏడుస్తుంటే వెనకనుంచి ఎవరో "వాడు పొలం రాయించుకుంటే వీడు కౌగిలించుకుంటాడేంట్రా" అన్నారు. అది మాత్రం స్టేజి మీదకి స్పష్టంగా వినపడింది! ఆ తర్వాత ఇంకో రెండు ప్రదర్శనలదాకా నేను మైకువాణ్ణే తిట్టుకున్నాను.

పరిష్కారం: స్క్రిప్టులో ప్రతి వాక్యం చివరి మాట కింద గీత గీయండి. డైలాగు వెనకనుంచి కట్టుకురండి. "పెట్టలేదు." "సంతకం పెట్టలేదు." "నేను సంతకం పెట్టలేదు." ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. ఇక్కడైతే "అన్నయ్యా" తర్వాత. అరవొద్దు. అరిస్తే మొదలే పెరుగుతుంది, తోక ఇంకా సన్నబడుతుంది. 1885లో సురభి నాటక సమాజంవాళ్లు తొలి నాటకం ఆడినప్పుడు మైకెక్కడిది? పద్యానికైతే చివర రాగం తీస్తారు కాబట్టి తోక పోదు. వచనానికి ఆ సదుపాయం లేదు, మనమే మోయాలి.

ఇంకో చిన్న చెక్: చివరి మాట పూర్తికాకుండానే పక్కకి తిరిగి నడిచేస్తున్నారేమో చూసుకోండి. మాట అయ్యాకే అడుగు.

సమస్య: నెలలుగా నాటక సమాజానికి వెళ్తున్నా వేషం ఇవ్వట్లేదు.

మిగతావాళ్ల సీను నడుస్తుంటే ఫోను చూసుకుంటున్నారా? నాటిక మొత్తం చదివారా? ఎవరో ఒకరు రిహార్సల్ ఎగ్గొట్టని వారం ఉండదు. ఆ రోజు వాళ్ల డైలాగులు చదవడానికి మీరు లేచి నిలబడండి. నా మొదటి వేషం అలాగే వచ్చింది.

మిగతావి అరుదు. బొంగురు మూడు వారాలు దాటితే గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లండి, మిరియాల పాలు చాలవు. కాళ్లు వణకడం రెండు మూడు ప్రదర్శనలకు తగ్గుతుంది. మైకు నిజంగానే పాడైతే అందరి మాటా పోతుంది, మీ ఒక్కరిదే కాదు.