వార్విక్ బేస్ గిటార్ కొనేముందు జాగ్రత్తలు

- ఎక్కడ తయారైందో ముందు తేల్చుకోండి. జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్‌లో చేసినవి వేరు, చైనాలో చేసే రాక్‌బాస్ (వార్విక్ వాళ్లదే చవక రకం) వేరు. ధరలో చాలా తేడా ఉంటుంది.

- సెకండ్ హ్యాండ్ అయితే ఎక్కువ సమయం నెక్ (గిటార్ పొడవాటి మెడ) మీదే పెట్టండి. ఒక కన్ను మూసి, హెడ్‌స్టాక్ (తీగలు బిగించే మరలుండే తల) వైపు నుంచి వంపు చూడండి. ప్రతి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గరా ఒక్కో తీగ మీటి వినండి. జర్రుమంటే కారణం అడగండి. ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) తిరుగుతోందో లేదో అమ్మేవాళ్ల చేతే తిప్పించి చూడండి. మీరు తిప్పి విరిస్తే గొడవ మీ మెడకే!

- వార్విక్‌లో థంబ్ అనే మోడల్‌ని బెల్టు వేసుకుని, నిలబడి వాయించండి. తల కిందికి వాలే రకం అది.

- మైనం పూత ఉన్న బాడీకి అప్పుడప్పుడూ మైనం రుద్దాలి. బద్ధకస్తులు ఆలోచించుకోండి.

- యాక్టివ్ మోడల్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) అయితే కొత్త 9 వోల్టుల బ్యాటరీ వెంట తీసుకెళ్లండి.

- విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం ముందే లెక్కేసుకోండి.