గనుల ఇంజినీరింగులో ఎం.టెక్: ప్రవేశం, ప్రాజెక్టు

ఎం.టెక్ మైనింగ్‌కు ప్రధాన దారి గేట్ అనే జాతీయ స్థాయి పరీక్ష. పేపర్ కోడ్ ఎం.ఎన్. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. జవాబుగా అంకె వేయాల్సిన ప్రశ్నలకు మైనస్ మార్కులుండవు, వాటిని ఖాళీగా వదలొద్దు.

మంచి స్కోరున్నా దరఖాస్తుల దగ్గర దెబ్బతినేవాళ్లున్నారు. ధన్‌బాద్, ఖరగ్‌పూర్ లాంటి ఐఐటీలకు దేనికది విడిగా అప్లై చేసి, ఆపైన కోప్‌లోనూ (ఐఐటీల సీటు ఆఫర్లు చూసి ఒప్పుకునే ఉమ్మడి పోర్టల్) నమోదవ్వాలి. కోప్ ఒక్కటే చేస్తే ఆఫర్ రాదు. సూరత్కల్, రూర్కెలా ఎన్‌ఐటీలకు సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్.

ప్రాజెక్టు అంశం కోసం ప్రకాశం జిల్లావాళ్లు దూరం వెతకక్కర్లేదు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ క్వారీలే పెద్ద ప్రయోగశాల. పగుళ్లు ఎటు వాలాయి, ఎంతెంత ఎడంలో ఉన్నాయి అన్నదాన్ని బట్టే దిమ్మ సైజు తేలుతుంది. దిశ, వాలు రెండూ చూపే బ్రంటన్ కంపాస్‌తో బెంచీ బెంచీకీ (క్వారీలో మెట్టు మెట్టుకీ) కొలవండి. ఒకే గోడ మీద కొలిస్తే, ఆ గోడకు సమాంతరంగా పోయే పగుళ్లు లెక్కలోకే రావు. అడ్డంగా ఉన్న రెండో గోడ తప్పనిసరి. అనుమతి పత్రం, హెల్మెట్, బూట్లు లేకుండా లోపలికి దిగొద్దు.

రాతి బలం పరీక్షకు కోర్ (రాతి నుంచి తొలిచి తీసిన స్తంభంలాంటి గుండ్రటి ముక్క) వ్యాసం 54 మి.మీ., పొడవు దానికి రెండున్నర నుంచి మూడు రెట్లు. చివర్లు సమతలంగా అరగదీయకపోతే భారమంతా ఒక అంచున పడి రాయి ముందే చిట్లుతుంది, బలం తక్కువగా నమోదవుతుంది. ఒక ముక్కతో సరిపెట్టొద్దు, కనీసం ఐదు పరీక్షించండి.