పిన్ని పట్టిన టేపు

లండన్‌లో ఉంటూ బెంగళూరు ఇళ్ల గురించి ఫ్రీలాన్స్‌గా రాస్తుంటాను. పోయినేడాది సర్జాపూర్ రోడ్డులోని ఒక ఫ్లాటు గురించి రాస్తూ, బ్రోచర్‌లోని 1,450 చదరపు అడుగులను ఇంటి లోపలి వైశాల్యంగా వేసేశాను. తీరా చూస్తే అది సూపర్ బిల్టప్. మెట్లు, లిఫ్టు, కారిడార్లలో వాటా కూడా అందులోనే కలిపేశారు. నా లెక్క నమ్మి ఎవరైనా అప్పు చేసి కొంటే? ఆ టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

ఆ ఫ్లాటుకి వెళ్లి లోపల కొలవమని మారతహళ్లిలో ఉండే పిన్నిని బతిమాలాను. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి అక్కడికి వెళ్లి వీడియో కాల్ చేసింది. నాకప్పుడు తెల్లవారుజాము మూడున్నర. హాల్లో టేపు మధ్యలో వంగిపోతుంటే వాచ్‌మన్ భార్య వచ్చి రెండో కొస పట్టుకుంది.

"బాల్కనీ కూడా కలపనా అమ్మాయ్?"

"వద్దు పిన్నీ, గోడ లోపలి అంచు దాకానే."

2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం బాల్కనీ, బయటి గోడలు, పైపుల్లాంటివి వెళ్లే షాఫ్టులు కార్పెట్ ఏరియాలోకి, అంటే ఇంటి లోపల వాడుకునే వైశాల్యంలోకి, రావు. గదుల మధ్య గోడలు మాత్రం వస్తాయి. అన్నీ కూడితే 1,010 చదరపు అడుగుల చిల్లర తేలింది. అదే రోజు ఎడిటర్‌కి చెప్పి సవరణ వేయించాను.

ఇప్పుడు ఏ ఫ్లాటైనా ముందు కర్ణాటక రెరా సైట్‌లో దాని కార్పెట్ ఏరియా చూసుకుని, ఆ అంకెతోనే రాయడం మొదలుపెడతాను.