దాడి చేసేవాడి కళ్లతో – 4వ పాఠం: ఒక పాస్‌వర్డ్, నాలుగు వందల తలుపులు

పోయిన పాఠంలో మీ సిస్టమ్‌లోకి బయటి నుంచి లాగిన్ అయ్యే చోట్లన్నీ రాసిపెట్టుకోమన్నాను. ఆ కాగితం తీయండి. ఈసారి అందులో ఒక్క తలుపు దగ్గరే ఆగుదాం: యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగే మామూలు లాగిన్ పేజీ.

చాలామంది పెట్టే నియమం ఒకటుంది. పావుగంటలో ఐదుసార్లు పాస్‌వర్డ్ తప్పు కొడితే ఖాతా లాక్ అవుతుంది. అది చదివి మనం నిశ్చింతగా ఉంటాం. దాడి చేసేవాడు అదే నియమాన్ని ఇలా చదువుతాడు: "నాలుగుసార్ల దాకా నన్ను ఎవరూ అడగరు. పావుగంట ఆగితే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు." ఇలా చదవడం మీకు అలవాటు కావాలి. ఈ పాఠమంతా అందుకే.

అతనికి ఫలానా మనిషి ఖాతానే కావాలని లేదు. ఎవరిదో ఒకరిది దొరికితే చాలు. అందుకే ఒక ఖాతా మీద వెయ్యి పాస్‌వర్డ్‌లు కొట్టి చూడడు, ఒకే పాస్‌వర్డ్‌ను ఖాతాలన్నిటి మీదా కొట్టి చూస్తాడు. దీన్ని పాస్‌వర్డ్ స్ప్రే అంటారు. లెక్క వేయండి. 400 ఖాతాలు, ఒక్కోదాని మీద గంటకు ఒక్క ప్రయత్నం. రోజు తిరిగేసరికి 9,600 ప్రయత్నాలు. ఒక్క ఖాతా కూడా లాక్ కాదు.

మరి ఏ పాస్‌వర్డ్ కొడతాడు? దీనికీ మన నియమాలే సాయం చేస్తాయి. 90 రోజులకోసారి మార్చి తీరాలంటే మనుషులు ఏం చేస్తారు? నెల పేరు, సంవత్సరం, చివర ఒక గుర్తు. పెద్దక్షరం ఉంది, అంకె ఉంది, గుర్తు ఉంది, సిస్టమ్ కూడా ఒప్పుకుంటుంది. ఊహించడానికి క్యాలెండర్ ఉంటే చాలు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే, లీకైందన్న ఆధారం లేకుండా గడువు పెట్టి మార్పించవద్దని చెప్పింది. దానికి బదులు కొత్త పాస్‌వర్డ్‌ను లీకైన, తేలిగ్గా ఊహించగల పాస్‌వర్డ్‌ల జాబితాతో పోల్చి చూడమంది.

ఇప్పుడు లాగ్‌లో, అంటే ఎవరు ఎప్పుడు లాగిన్‌కు ప్రయత్నించారో సిస్టమ్ రాసుకునే చిట్టాలో, ఇది ఎలా కనిపిస్తుందో చూడండి. ఇది పాఠం కోసం నేను రాసిన నమూనా.

02:14:07 – అకౌంట్స్1 – విఫలం
02:14:10 – అడ్మిన్2 – విఫలం
02:14:13 – బిల్లింగ్ – విఫలం
02:14:16 – టెస్ట్ – సఫలం
02:14:19 – ట్రైనింగ్ – విఫలం

ఖాతాల వారీగా చూస్తే ఒక్కొక్కరు ఒక్కసారి తప్పు కొట్టారు, అంతే. ఎవరికీ అనుమానం రాదు. నేను మొదట్లో ఇలాంటి లాగ్‌ను ఖాతా పేరు వారీగానే పేర్చి చూసేదాన్ని, అందుకే ఏమీ కనిపించేది కాదు. టైమ్ వారీగా పేర్చితే మూడేసి సెకన్ల ఎడం కనిపిస్తుంది, పేర్లలో ఇంగ్లీషు అక్షరక్రమం కనిపిస్తుంది. మనుషులు అలా వరసలో నిలబడి తప్పులు చేయరు.

నాలుగో వరస మళ్లీ చూడండి. అక్కడ సఫలం అని ఉంది. ఇకపై అతను లాగ్‌లో మామూలు యూజరే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇప్పుడు అతను ఇంటివాడైపోయాడు.

ఇది ఊహ కాదు. 2023 నవంబర్ చివర్లో మిడ్‌నైట్ బ్లిజార్డ్ అనే రష్యా ప్రభుత్వ ముఠా మైక్రోసాఫ్ట్‌లోకి వచ్చింది ఇలాగే. ఒక పాత టెస్ట్ ఖాతా, దానికి రెండో అంచె ధ్రువీకరణ (పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌కొచ్చే కోడ్ లాంటిది అడగడం) లేదు. కొద్ది ఖాతాల మీదే, చాలా తక్కువ ప్రయత్నాలు చేశారు. అవి కూడా మామూలు ఇళ్ల ఇంటర్‌నెట్ కనెక్షన్ల గుండా వచ్చినట్టు కనిపించేలా చేశారు. అక్కడి నుంచి ఎక్కువ అధికారాలున్న ఒక పాత టెస్ట్ యాప్‌ను పట్టుకుని పై అధికారుల ఈమెయిళ్ల దాకా వెళ్లారు. కంపెనీ దీన్ని గుర్తించింది 2024 జనవరి 12న. టెస్ట్ ఖాతా ఎవరికీ పట్టదు కదా అని మనం అనుకుంటాం. ఎవరికీ పట్టదు కాబట్టే అది అతనికి కావాలి.

ఇలా ఇంటర్‌నెట్ చిరునామాలు (ఐపీలు) మారుస్తూ వస్తే ఒక్క ఐపీని బ్లాక్ చేసి లాభం లేదు. రెండో అంచె ధ్రువీకరణ అన్ని ఖాతాలకూ ఉండాలి, టెస్ట్ ఖాతాలతో సహా. వాడని ఖాతాలు మూసేయాలి. నాకు బాగా నచ్చిన ఉపాయం ఇంకొకటి ఉంది: ఎవరూ వాడని, ఏ అధికారమూ లేని ఎర ఖాతా ఒకటి పెట్టండి. దాని పేరు మిగతావాటిలాగే ఉండాలి. దాని మీద ఒక్క ప్రయత్నం జరిగినా అలారం మోగాలి. నిజమైన యూజర్ దాని జోలికి పోడు కాబట్టి తప్పుడు అలారాలు దాదాపు ఉండవు.

ఈ వారం పని: మీ సొంత సిస్టమ్‌లో, లేదా రాతపూర్వకంగా అనుమతి ఉన్నచోట మాత్రమే, ఏడు రోజుల విఫల లాగిన్‌లు తీయండి. టైమ్ వారీగా పేర్చండి. ఒక్కో గంటలో ఎన్ని వేర్వేరు ఖాతాలు విఫలమయ్యాయో లెక్కపెట్టండి. మామూలు రోజు అంకె ఎంతో రాసిపెట్టుకోండి, 5వ పాఠంలో అది కావాలి. అందులో టెస్ట్ ఖాతాతో లోపలికి వచ్చినవాడు మొదటి పది నిమిషాల్లో ఏమేం వెతుకుతాడో చూస్తాం.